బడికీ నిచ్చెనకీ ఒకే మాట

వేల్స్ దేశపు భాషలో ‘అస్గొల్’ అంటే బడి. ‘అస్గొల్’ అంటే నిచ్చెన కూడా. రాతలో తేడా లేదు, పలుకులో తేడా లేదు. రెండూ స్త్రీలింగాలే. బహువచనమూ ఒకటే, ‘అస్గొల్యొన్’. ఏ అస్గొల్ గురించి మాట్లాడుతున్నారో సందర్భాన్ని బట్టి తెలుసుకోవలసిందే.

ఈ సంగతి నాకు మా మనవడి వల్ల తెలిసింది. మా అమ్మాయీ అల్లుడూ కార్డిఫ్‌లో డాక్టర్లు. పిల్లాణ్ణి వెల్ష్ మాధ్యమం బడిలో వేశారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఇంగ్లీషు, బడిలో వెల్ష్. వాన వదలని ఒక సాయంత్రం వాడు బీరువాలోంచి వైకుంఠపాళి అట్ట తీసుకొచ్చాడు. పెట్టె మీద ‘నద్రొయ్ద్ అక్ అస్గొల్యొన్’ అని ఉంది.

“ఏంట్రా నాన్నా దీని అర్థం?”

“పాములూ నిచ్చెనలూ, అమ్మమ్మా.”

“అస్గొల్ అంటే మీ బడి కదా?”

“అదీ అస్గొలే, ఇదీ అస్గొలే” అన్నాడు పందెం వేస్తూ. వాడికి అందులో వింతేమీ లేదు.

వైకుంఠపాళి మన దేశంలో పుట్టిన ఆట. 19వ శతాబ్దం చివర్లో బ్రిటన్‌కు చేరింది. అక్కడి నుంచి వెల్ష్ పేరు పెట్టుకుని మళ్లీ మా మనవడి ఒళ్లోకి వచ్చింది. నేను ఉద్యోగమంతా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అని నల్లబల్ల మీద గళ్లు గీసి మాటల్ని సర్దించడం నా పని. ఈ అస్గొల్‌ను ఏ గడిలో వేయాలో చూడకుండా ఊరుకోలేకపోయాను.

అందమైన కథ, అసలు కథ

బడే మనిషిని పైకెక్కించే నిచ్చెన కాబట్టి రెండింటికీ ఒకే మాట పెట్టుకున్నారని ఎవరికైనా అనిపిస్తుంది. చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ అది నిజం కాదు. ఇవి రెండు వేరువేరు మాటలు. రెండూ లాటిన్ నుంచి వెల్ష్‌లోకి వచ్చినవే. బడి అనే అస్గొల్‌కు మూలం లాటిన్ ‘స్కొలా’. నిచ్చెన అనే అస్గొల్‌కు మూలం లాటిన్ ‘స్కాలా’. బయలుదేరినప్పుడు వాటికి చుట్టరికం లేదు. వెల్ష్ వాళ్ల నోటిలో పడి, శతాబ్దాల పాటు నలిగి, చివరికి ఒకే రూపానికి వచ్చాయి.

లాటిన్ అక్కడికి ఎలా చేరింది? క్రీ.శ. 43లో రోమన్ సైన్యం బ్రిటన్‌లో దిగింది. 410 ప్రాంతం దాకా వాళ్ల పాలన సాగింది. కార్డిఫ్‌కు దగ్గర్లోనే కర్లియన్ అనే ఊరుంది. రోమన్లు దాన్ని ‘ఇస్కా’ అనేవారు. రెండవ అగస్టన్ లీజియన్ అక్కడ స్థావరం వేసుకుంది. సైనికులు ఆటలు చూసిన గుండ్రటి రంగస్థలం, వాళ్లు పడుకున్న బారకుల పునాదులు ఇవాళ్టికీ కనిపిస్తాయి. అప్పుడు స్థానికులు మాట్లాడిన బ్రిటానిక్ భాషే వెల్ష్‌కు తల్లి. కోటలు, వంతెనలు, రాతి ఇళ్లు కట్టేవాళ్లు వచ్చినప్పుడు ఆ పనుల పేర్లు కూడా వస్తాయి. వెల్ష్‌లో వంతెన ‘పొంట్’, గోడ ‘మీర్’, కిటికీ ‘ఫెనెస్ట్ర్’, వంటగది ‘కెగిన్’, ద్రాక్షసారా ‘గ్విన్’. అన్నీ లాటిన్ నుంచి వచ్చినవే. ఇలాంటివి వందల కొద్దీ ఉన్నాయి. నిచ్చెన పేరు కూడా ఈ వరసలోదే.

చదువు మాటలకు చర్చి ఇంకో దారి. కార్డిఫ్‌కు పడమటగా లాంట్విట్ మేజర్ అనే ఊళ్లో, క్రీ.శ. 500 ప్రాంతంలో, ఇల్టుడ్ అనే సన్యాసి నడిపిన మఠంలో పెద్ద విద్యాకేంద్రం ఉండేది. అక్కడ చదువంటే లాటిన్ చదువే. రాయడానికి వెల్ష్ మాట ‘అస్గ్రివెన్ని’. అదీ లాటిన్ ‘స్క్రిబేరే’ కుటుంబం నుంచి వచ్చిందే.

నోరు చేసిన పని

స్కొలా, స్కాలా రెండూ అస్గొల్ ఎలా అయ్యాయో అడుగడుగునా చూద్దాం.

మొదటి అడుగు ముందు అచ్చు చేరడం. ‘స్’ తర్వాత ఇంకో హల్లు ఉంటే మాటను అలాగే మొదలుపెట్టడం పాత వెల్ష్ నోటికి కుదరలేదు. ముందు ఒక చిన్న ‘అ’ చేర్చుకున్నారు. లాటిన్ ‘స్పిరితుస్’ (ఆత్మ) వెల్ష్‌లో ‘అస్బ్రిద్’ అయింది. ‘స్కోపా’ (చీపురు) ‘అస్గిబ్’ అయింది. మన పల్లెల్లో పెద్దవాళ్లు స్కూలును ‘ఇస్కూలు’ అనడం విన్నవాళ్లకు ఈ అడుగు వివరించనక్కర్లేదు. ఫ్రెంచి వాళ్లు ‘ఎకోల్’ అన్నా, స్పెయిన్ వాళ్లు ‘ఎస్క్వేలా’ అన్నా ముందున్న ‘ఎ’ అలా వచ్చి చేరిందే.

రెండో అడుగు క, గ ల సంగతి. వెల్ష్ రాతలో ఇప్పుడు ‘గ’ అక్షరమే ఉంది. అయినా మా మనవడు పలుకుతుంటే నా చెవికి ‘స్క’ అనే వినిపిస్తుంది. మధ్యయుగపు రాతప్రతుల్లో ‘క’ అక్షరంతోనే రాసేవారు. ‘స్’ పక్కన క, గ లకు తేడా వినిపించదు కనుక రాత ఎటు మారినా మాట మారలేదు.

మూడో అడుగులోనే అసలు విశేషం ఉంది. స్కొలాలో ఉన్నది హ్రస్వ ‘ఒ’. అది అలాగే నిలిచింది. స్కాలాలో ఉన్నది దీర్ఘ ‘ఆ’. వెల్ష్ చరిత్రలో ఈ దీర్ఘ ‘ఆ’ మొదట నోరు తెరిచి పలికే ‘ఓ’ అయింది, తర్వాత ‘ఔ’ అయింది. ఒత్తి పలకని చివరి అక్షరంలో ఉంటే ఆ ‘ఔ’ కూడా తగ్గి ‘ఒ’గా నిలబడింది. ఇది ఒక్క మాటకు జరిగింది కాదు. లాటిన్ ‘పెక్కాతుమ్’ (పాపం) వెల్ష్‌లో ‘పెఖొద్’. ‘పిస్కాతుమ్’ నుంచి ‘పస్గొద్’ (చేపలు). ‘తబులాతుమ్’ (చెక్కలు పరిచిన అంతస్తు) నుంచి ‘తవ్లొద్’, అంటే అటక. క్రిస్మస్ పండుగ పేరు ‘నదోలిగ్’లో ఉన్న ‘ఓ’ కూడా లాటిన్ ‘నాతాలికియా’లోని రెండో దీర్ఘ ‘ఆ’యే. చివరి అచ్చులు రాలిపోవడం అన్నిటికీ మామూలే. అలా స్కాలా నడిచి నడిచి స్కొలా పక్కన నిలబడింది.

దీనికి గట్టి సాక్ష్యం వెల్ష్ సోదర భాష బ్రెటన్. ఫ్రాన్సు వాయవ్య మూల బ్రిటనీలో దాన్ని మాట్లాడతారు. రెండు భాషలకూ తల్లి ఒకటే, అరువూ ఒకటే. బ్రెటన్‌లో దీర్ఘ ‘ఆ’ వేరే దారి పట్టి, పెదవులు గుండ్రంగా చుట్టి పలికే ‘ఎ’ లాంటి అచ్చు అయింది. అందుకే వాళ్లకు బడి వేరు, నిచ్చెన వేరు. కలిసిపోవడం వెల్ష్ సొంత సూత్రం వల్ల జరిగింది.

ఈ పద్ధతితో ఒక మాట వయసు కూడా పట్టవచ్చు. వెల్ష్‌లో అన్నదమ్ముణ్ణి ‘బ్రౌద్’ అంటారు. సంస్కృతంలో భ్రాత, లాటిన్‌లో ‘ఫ్రాతెర్’. ఇది అరువు మాట కాదు, ఒకే మూలభాష నుంచి వీళ్లందరికీ దక్కిన సొత్తు. ఇందులోని దీర్ఘ ‘ఆ’ కూడా ‘ఔ’ అయింది. అంటే సొంత మాటకు పట్టిన మార్పే అరువు మాటకూ పట్టింది. ఆ మార్పు జరిగే నాటికి స్కాలా ఆ ఇంట్లో ఉంది కాబట్టే అలా జరిగింది. ఈ మధ్య ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘షొప్’, ‘బుస్’ లాంటి మాటలకు ఈ గుర్తులేవీ లేవు. అవి కొత్త కోడళ్లు, అస్గొల్ ఆ ఇంట్లో ముత్తవ్వ.

మన బాలవ్యాకరణం ప్రకారం చెప్పాలంటే అస్గొల్ తద్భవం వంటిది. మన ‘నిచ్చెన’ కూడా తద్భవమే. సంస్కృత ‘నిశ్శ్రేణి’ ప్రాకృతం మీదుగా తెలుగు నోటికి తగ్గట్టు మారి నిచ్చెన అయింది. శర్కర చక్కెర అయినట్టు, అగ్ని అగ్గి అయినట్టు, రాత్రి రాతిరి అయినట్టు.

రెండు మూలాలు, రెండు తత్సమాలు

లాటిన్ దగ్గర ఆగకుండా ఇంకా వెనక్కి వెళితే తెలుగువాళ్లకు తెలిసిన ముఖాలు కనిపిస్తాయి.

స్కాలాకు మూలం ‘స్కందేరే’ అనే లాటిన్ క్రియ. ఎక్కడం అని అర్థం. దీనికి సంస్కృతంలో తోబుట్టువు ‘స్కంద్’ ధాతువు. దూకడం, ఎగరడం దాని అర్థం. సుబ్రహ్మణ్యస్వామికి స్కందుడన్న పేరు ఆ ధాతువు నుంచి వచ్చిందే. అమరకోశంలో గుర్రపు నడకల పేర్లలో ‘ఆస్కందితం’ ఒకటి, అదీ ఇక్కడిదే.

స్కొలా గ్రీకు ‘స్ఖోలే’ నుంచి వచ్చింది. గ్రీకులో దానికి మొదటి అర్థం తీరిక. పనులన్నీ ఆపి కూర్చున్నవాళ్లు చర్చించుకోవడం, ఆ చర్చ జరిగే చోటు, అక్కడ గుమిగూడే శిష్యులు, ఇలా అర్థం పెరుగుతూ బడి దాకా వచ్చింది. ఆ మాట అడుగున ఉన్న ధాతువుకు పట్టి ఉంచడం, నిలపడం అని అర్థం. అదే ధాతువు సంస్కృతంలో ‘సహ్’ అయింది. తట్టుకోవడం, ఓర్చుకోవడం. మనం రోజూ అనే సహనం, అసహనం దాని బిడ్డలే.

నిచ్చెన వెనక స్కందుడు, బడి వెనక సహనం. పిల్లలకు చదువు చెప్పి బతికిన నాకు ఈ రెండోది తెలిసినప్పుడు చాలా సంతోషం వేసింది.

సంస్కృతానికీ, గ్రీకు లాటిన్లకూ బంధుత్వం ఉందని 1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఆసియాటిక్ సొసైటీలో చెప్పినవాడు సర్ విలియం జోన్స్. ఆ వరసలో కెల్టిక్ భాషలను కూడా చేర్చాడు. వెల్ష్ ఆ శాఖదే. ఆయన లండన్‌లో పుట్టాడు కానీ తండ్రిది వేల్స్‌లోని యాంగిల్సీ ద్వీపం. వృత్తపు పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే విలువకు ‘పై’ గుర్తును 1706లో అచ్చులో వాడిన గణితవేత్త ఆ తండ్రే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సహనం, స్కందుడు తెలుగులో ఉన్నంత మాత్రాన తెలుగు ఆ కుటుంబానిది కాదు. అవి మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించాడు. ఆ వ్యాసం కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అచ్చయింది. మన వ్యాకర్తలు చేసి పెట్టిన తత్సమ, తద్భవ, దేశ్య విభాగాన్నే ఎల్లిస్ ఆధారం చేసుకున్నాడు. తెచ్చుకున్న మాటేదో, పుట్టుకతో వచ్చిన మాటేదో విడదీసి చూసే చూపు మన వాళ్లకు ముందే ఉంది.

ఒకే తోటలో రెండు అస్గొళ్లు

కార్డిఫ్ పొలిమేరలో సెయింట్ ఫాగన్స్ అనే ఆరుబయలు మ్యూజియం ఉంది. దేశంలో నలుమూలల నుంచీ పాత ఇళ్లను రాయి రాయీ విప్పి తెచ్చి, అక్కడ తిరిగి కట్టారు. ఉత్తరాన పలకరాతి గనుల ప్రాంతం నుంచి తెచ్చిన ఒక పేదవాడి ఇల్లుంది, లైన్‌వాదిన్ దాని పేరు, 1762 నాటిది. మనిషి ఎత్తలేని బండరాళ్లతో గోడలు, లోపల ఒకటే గది. ఇలాంటి ఇళ్లలో పక్కకు చెక్కలు పరిచి అటక వేసుకునేవారు. పిల్లలు నిచ్చెనెక్కి అక్కడ పడుకునేవారు. తవ్లొద్ మీదికి అస్గొల్. రెండూ లాటిన్ నుంచి వచ్చి, ఒకే సూత్రానికి లొంగిన మాటలు. అక్కడ నిద్రపోయిన పిల్లలకు లాటిన్ అనే భాష ఒకటుందని కూడా తెలిసి ఉండదు. అరువు తీరిపోవడమంటే ఇదే.

అదే మ్యూజియం తోటలో మేస్తిర్ అనే చిన్న బడి కూడా ఉంది. 1880లో కట్టారు. ఒకటే గది, పొడుగాటి బల్లలు. ఈ రెండో అస్గొల్ చరిత్ర అంత సులువుగా సాగలేదు.

1731 నుంచి గ్రిఫిత్ జోన్స్ అనే పాదిరి లాండౌరర్ గ్రామం కేంద్రంగా తిరిగే బడులు నడిపాడు. ఒక అయ్యవారు ఒక ఊళ్లో కొన్ని నెలలుండి, వెల్ష్ బైబిలు చదవడం నేర్పి, పక్క ఊరికి వెళ్లేవాడు. పొలం పనులు తక్కువగా ఉండే నెలలు చూసి బడి పెట్టేవారు. పగలు పనికి పోయేవాళ్లకు రాత్రిపూట చెప్పేవారు. తీరిక అనే గ్రీకు అర్థం అక్కడ మళ్లీ బతికింది. ఆయన 1761లో చనిపోయే నాటికి మూడు వేలకు పైగా బడుల్లో, లక్షన్నర మందికి పైగా చదువుకున్నారు. తల్లిభాషలో చెప్పారు గనుక అంత త్వరగా వచ్చింది.

వెనకనే ఆదివారపు బడులు వచ్చాయి, ‘అస్గొల్ సిల్’. సిల్ అంటే సూర్యుడి లాటిన్ పేరు నుంచి వచ్చిన ఆదివారం. వెల్ష్ వారాల పేర్లన్నీ మన వరసలోనే ఉంటాయి. చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. ఏడూ లాటిన్ గ్రహాల పేర్లే.

1847లో లండన్ ప్రభుత్వం వేల్స్ చదువుల మీద నివేదిక తెచ్చింది. పరిశీలించిన ముగ్గురు కమిషనర్లకూ వెల్ష్ రాదు. వెల్ష్ భాష జనాన్ని వెనక్కి లాగుతోందని రాశారు. నీలి అట్టల ఆ పుస్తకాలను వేల్స్ ప్రజలు ఇవాళ్టికీ ‘నీలి పుస్తకాల ద్రోహం’ అంటారు. ఆ శతాబ్దంలో చాలా బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో కొయ్యముక్క వేసేవారు. దాని మీద ‘డబ్ల్యు.ఎన్.’ అని చెక్కి ఉండేది, వెల్ష్ వద్దని. ఇంకో పిల్లవాడు వెల్ష్ మాట్లాడితే అది వాడి మెడకు మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. మ్యూజియంలో ఆ కొయ్యముక్క ముందు నిలబడ్డాను. అరచేతిలో పట్టే చెక్క, పైన తాడు దూర్చడానికి రంధ్రం. పిల్లల చేత పిల్లల మీద నిఘా పెట్టించిన ఆ పద్ధతి మీద నాకు కోపం ఆగలేదు.

లానుఖ్లిన్ గ్రామపు బడిలో ఆ తాడు తన మెడలో పడిందని ఓ.ఎం. ఎడ్వర్డ్స్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఆయనే 1907లో వేల్స్ బడులకు ప్రధాన ఇన్‌స్పెక్టర్ అయ్యారు. ఆయన కొడుకు ఇవాన్ అబ్ ఒవెన్ ఎడ్వర్డ్స్ 1939లో అబెరిస్ట్‌విత్ పట్టణంలో మొదటి వెల్ష్ మాధ్యమం ప్రాథమిక పాఠశాల తెరిచారు. ఏడుగురు పిల్లలు, నోరా ఐజాక్ అనే టీచరు. 1956లో మొదటి వెల్ష్ మాధ్యమం ఉన్నత పాఠశాల వచ్చింది. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్లు దాదాపు 5,38,000 మంది, అంటే 17.8 శాతం. 2050 నాటికి పది లక్షలు చేయాలని అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఆ భారమంతా ముఖ్యంగా అస్గొళ్ల మీదే ఉంది. మా మనవడి బడి గేటు ముందు రోడ్డు మీద పసుపు రంగుతో ఇంగ్లీషు పక్కన ‘అస్గొల్’ అని రాసి ఉంటుంది.

తెలుగు టీచర్లకు నా మనవి

అరువు మాటలు ఎక్కువైతే భాష చెడుతుందని మన సభల్లో తరచు వింటాం. వెల్ష్ చరిత్ర నాకు వేరే సంగతి చెప్పింది. వంతెన, గోడ, కిటికీ, వంటగది, నిచ్చెన, బడి, చివరికి వారాల పేర్లు కూడా అరువు తెచ్చుకున్న భాష పదిహేను వందల ఏళ్లు నిలబడింది. ఆ మాటల్ని తన అచ్చులకూ హల్లులకూ తగ్గట్టు తిప్పుకునే శక్తి పోలేదు కాబట్టి నిలబడింది. ఒక్క లాటిన్ మాటా దానికి ప్రాణాంతకం కాలేదు. పిల్లలు బడిలో ఆ భాష మాట్లాడకుండా చేసిన రోజుల్లోనే దాని ప్రాణం మీదికి వచ్చింది.

మనం స్కూలు అంటున్న మాట కూడా ఇంగ్లీషు మీదుగా వచ్చిన అదే స్కొలా, అదే స్ఖోలే. వేల్స్‌కు సైనికులతో, సన్యాసులతో వస్తే మనకు కంపెనీ దొరలతో వచ్చింది. వాళ్ల అస్గొల్‌ను ఎవరూ తప్పు పట్టరు, నిఘంటువులో పెద్దపీట వేశారు. మన పల్లె పిల్లాడు ‘ఇస్కూలు’ అంటే మాత్రం తరగతిలో నవ్వుతారు.

తెలుగు చెప్పే అమ్మాయిలకూ అబ్బాయిలకూ నేను చెప్పేది ఇదే. పిల్లాడు ఇస్కూలు అన్నప్పుడు నవ్వనివ్వకండి. ఆ మాటను బల్ల మీద రాయండి. ముందు ‘ఇ’ ఎందుకు వచ్చిందో అడగండి. పక్కన రైల్వే స్టేషనుకు వాళ్ల అవ్వ ఏమంటుందో చెప్పమనండి. ‘టేసను’ అంటారు, అక్కడ అచ్చు చేరలేదు, ‘స్’ రాలిపోయింది. తేడా వాళ్ల చేతే చెప్పించండి. తర్వాత శర్కరనూ చక్కెరనూ రాయండి. తద్భవ పాఠం పరీక్ష కోసం బట్టీ పట్టవలసిన పట్టిక కాదని, తమ ఇంట్లో ఇప్పుడు కూడా నడుస్తున్న పని అని పిల్లలకు ఆ పీరియడ్‌లోనే అర్థమవుతుంది. ప్రమాణ రూపం స్కూలు అని తప్పకుండా నేర్పండి. దానితో పాటే ఇస్కూలు వెనక ఉన్న న్యాయాన్ని కూడా నేర్పండి. తన నోటి మాటకు ఒక సూత్రం ఉందని తెలిసిన పిల్లాడు తరగతిలో తెలుగు మాట్లాడటానికి జంకడు.